ఒకే పట్టీ సీటు సిస్టమ్: ఉంచుదామా, మార్చుదామా?

ఈ కేసులో తేల్చాల్సిన విషయం ఒక్కటే. సైకిల్‌కు ఉన్న సీటు, దాన్ని ఫ్రేమ్‌కు కలిపే గొట్టం (సీట్‌పోస్ట్) రెండూ ఒకే కంపెనీ జత. ఆ పోస్ట్ మీద ఆ సిస్టమ్ సీటు తప్ప ఇంకోటి పట్టదు, ఆ సీటు ఇంకే పోస్ట్ మీదా నిలవదు. రైడర్‌కు నొప్పి ఉంది. అదే సిస్టమ్‌లో ఇంకో సీటు తెప్పించాలా, లేక మొత్తం తీసేసి మామూలు పోస్ట్, మామూలు సీటు వేయాలా?

రైడర్ మా వర్క్‌షాప్‌కు వచ్చిన, హైదరాబాద్ మియాపూర్‌లో ఉండే బ్యాంకు ఉద్యోగిని, వయసు నలభై దాటింది. ఆమె అనుమతితో రాస్తున్నాను. ఆమె పేరు, సిస్టమ్ తయారు చేసిన కంపెనీ పేరు రాయడం లేదు. సైకిల్ న్యూజెర్సీలో ఉండే తమ్ముడిది. అతను అక్కడ కొన్నేళ్లు తొక్కి, ఇండియా వచ్చినప్పుడు తెచ్చి అక్కకు ఇచ్చాడు. స్టీల్ ఫ్రేమ్, ఫ్లాట్ హ్యాండిల్, కొద్దిగా వెడల్పు టైర్లు. ఊళ్ల మధ్య దూరాలకు చక్కటి సైకిల్. ఆమె మామూలు రోజుల్లో ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద, ఆదివారాలు శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు తొక్కుతుంది. 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం, అంటే నిర్ణీత సమయంలో పూర్తి చేయాల్సిన దూరపు రైడ్, చేయాలన్నది లక్ష్యం. 200కి ఇచ్చే సమయం 13 గంటల 30 నిమిషాలు. మధ్యలో టిఫిన్, కంట్రోళ్ల (తనిఖీ స్థలాల) దగ్గర ఆగడం అన్నీ అందులోనే. సీటు నొప్పికి పదే పదే దిగే రైడర్‌కు ఆ సమయం ఇట్టే కరిగిపోతుంది.

ఆమె చెప్పిన ఇబ్బందులు మూడు. గంటన్నర దాటాక ముందు భాగంలో తిమ్మిరి. రెండు కూర్చునే ఎముకల దగ్గర నొప్పి, కుడివైపు ఎక్కువ. పెడల్ బలంగా తొక్కినప్పుడల్లా సీటు కింద నుంచి కిర్రుమనే చప్పుడు. "సీటు మార్చేద్దామంటే ఏ షాపులోనూ పట్టడం లేదు సర్. దీనికి రెయిళ్లే లేవంటున్నారు" అంది.

సిస్టమ్ ఎలా ఉంటుంది

మామూలు సీటు కింద ముందు నుంచి వెనక్కి రెండు కడ్డీలు ఉంటాయి. వాటినే రెయిళ్లు అంటాం. స్టీల్ అయినా టైటానియం అయినా గుండ్రటి రెయిలు మందం 7 మి.మీ. కార్బన్ రెయిళ్లు కోడిగుడ్డు ఆకారంలో 7×9 లేదా 7×10 మి.మీ. ఉంటాయి. వాటికి క్లాంప్ వేరే కావాలి. ఈ చిన్న తేడా పక్కన పెడితే ఐదు వందల రూపాయల సీటైనా, పాతిక వేల సీటైనా రెయిళ్లున్న దేన్నయినా దాదాపు ఏ రెయిలు పోస్ట్ మీదైనా బిగించవచ్చు. సైకిల్ భాగాల్లో ఇంత విస్తృతంగా కలిసే జాయింట్లు చాలా తక్కువ. పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్‌లో ఎన్ని రకాలున్నాయో మెకానిక్‌లందరికీ తెలుసు. సీటు దగ్గర మాత్రం ప్రపంచమంతా ఎప్పుడో ఒక మాట మీదికి వచ్చేసింది.

ఆ మాటను దాటి వెళ్దామని అప్పుడప్పుడు ఎవరో ఒకరు ప్రయత్నిస్తూనే ఉన్నారు. అమెరికాలో ఎస్‌డీజీ కంపెనీ ఐ-బీమ్ అని తెచ్చింది. రెండు రెయిళ్లకు బదులు సీటు కింద నిలువుగా ఒకే పట్టీ ఉంటుంది, పోస్ట్ తల దాన్ని రెండు పక్కల నుంచి బిగించి పట్టుకుంటుంది. ఇటలీకి చెందిన సెల్లె ఇటాలియా మోనోలింక్ పేరుతో ఒకే రెయిలు సీట్లు చేసింది. గెంతులు, విన్యాసాలకు వాడే చిన్న బీఎంఎక్స్ సైకిళ్లలో పివోటల్ ఉంది. అందులో సీటు పైనుంచి దించిన ఒక్క బోల్టుతో పోస్ట్‌కు బిగుస్తుంది. మా రైడర్ సైకిల్ మీద ఉన్నదీ ఒకే పట్టీ కుటుంబానికి చెందినదే.

ఈ ఆలోచనలో తర్కం ఉంది, దాన్ని తక్కువ చేయను. రెండు కడ్డీలు, వాటిని పట్టుకునే కింది పలక, పై పలక, బోల్టులు అన్నీ పోతే బరువు తగ్గుతుంది, అదీ కార్బన్ ధర పెట్టకుండా. రాళ్ల దారిలో పడినప్పుడు చవక స్టీల్ రెయిళ్లు వంగుతాయి, నిలువు పట్టీ అంత సులభంగా వంగదు. తమ్ముడు ఈ సైకిల్‌ను అమెరికాలో అడవి దారుల్లో తొక్కాడు. అతనికి ఇది బాగా నప్పిందంటే నేను నమ్ముతాను.

ఇలాంటి కేసు వచ్చినప్పుడు నేను మొదట చూసేది కంపెనీ తన సొంత కొలతను ఏ జాయింట్ దగ్గర పెట్టిందన్నది. రెండు చోట్లలో ఎక్కడైనా పెట్టవచ్చు. ఫ్రేమ్‌కూ పోస్ట్‌కూ మధ్య పెడితే ఒక కథ, పోస్ట్‌కూ సీటుకూ మధ్య పెడితే ఇంకో కథ. ఇప్పటి ఏరో రోడ్ సైకిళ్లలో డీ ఆకారపు కార్బన్ పోస్టులు ఆ ఫ్రేమ్‌కు తప్ప దేనికీ సరిపోవు. 2000ల చివర్లో ఫ్రేమ్ గొట్టమే పైకి సాగి పోస్ట్ పని చేసే సీట్‌మాస్ట్‌ల మోజు కూడా అలాంటిదే. రైడర్ కొలతకు రంపంతో కోస్తే మళ్లీ పొడుగు చేయలేం, అమ్మాలంటే అంతే ఎత్తున్న మనిషి దొరకాలి. అది ఇబ్బందే. అయినా వాటిలో చాలావాటి తల మీద మామూలు రెయిలు క్లాంపే ఉంటుంది కాబట్టి సీటు మాత్రం మన ఇష్టం. పోస్ట్ పదేళ్లకోసారి కూడా మార్చం. సీటు అలా కాదు. అరిగిపోతుంది, వంగుతుంది. మన శరీరం మారుతుంది, దూరాలు మారతాయి, కూర్చునే తీరు మారుతుంది. మనిషికీ సైకిల్‌కూ మధ్య అన్నిటికన్నా ఎక్కువసార్లు మార్చి చూడాల్సిన వస్తువు సీటే. దాని దగ్గర తాళం వేసే సిస్టమ్ నుంచి నేను చాలా పెద్ద లాభం ఆశిస్తాను.

మొదట నొప్పి సంగతి

సిస్టమ్ మీద తీర్పు చెప్పే ముందు నొప్పి సిస్టమ్ వల్ల వచ్చిందా అన్నది తేలాలి. రైడర్లు ఎక్కువగా తప్పుదారి పట్టేది ఇక్కడే. సీటు ఎత్తు తప్పుగా ఉంటే ఎంత మంచి సీటైనా పొడుస్తుంది. అప్పుడు సీటు మారుస్తారు, ఆ మార్చడంలో ఎత్తు అనుకోకుండా సరిపోతుంది, కొత్త సీటుకు మంచి పేరు వస్తుంది.

సైకిల్‌ను ట్రైనర్‌కు (కదలకుండా తొక్కే స్టాండుకు) బిగించి, ఆమెతో కాసేపు తొక్కించాను. వెనక నుంచి చూస్తే నడుము అటూ ఇటూ ఊగుతోంది. పెడల్ కింది చివరకు చేరేసరికి పాదం అందక, ఆ వైపు తుంటి కిందికి జారుతోంది. కాలి లోపలి పొడవు కొలిస్తే 74 సెం.మీ. వచ్చింది. దాన్ని 0.883తో గుణించే పాత లెక్క ప్రకారం బాటమ్ బ్రాకెట్ మధ్య నుంచి సీటు పైకి 65.3 సెం.మీ. ఉండాలి. ఉన్నది 67. లెక్క ఒక ఆరంభం మాత్రమే, ఎవరికీ దాన్ని శాసనంగా పెట్టను. కానీ ఇక్కడ కంటికి కనిపించేదీ లెక్క చెప్పేదీ ఒకటే. మోకాలి వంపు పెడల్ అడుగున 22 డిగ్రీలే ఉంది. 25 నుంచి 35 మధ్య ఉంటే మంచిది. తమ్ముడు ఆమెకన్నా పొడుగు. సీటు దించి ఇచ్చాడు గానీ సరిపోయేంత దించలేదు.

సీటు 15 మి.మీ. దించాం. సీటు ముక్కు పైకి లేచి ఉంది, స్పిరిట్ లెవెల్ పెట్టి సమం చేశాం. కుడివైపు నొప్పి ఎక్కువ ఎందుకో కూడా అప్పుడే తెలిసింది. ఆమె కుడి కాలితో అందుకోవడానికి ఎక్కువగా జారుతోంది, ఆ ఎముక ప్రతి తొక్కుడుకూ సీటు అంచు మీద రాసుకుంటోంది.

చప్పుడు సంగతి తేలిక. క్లాంప్ విప్పితే పట్టీకీ, దాన్ని పట్టుకునే రెండు క్లాంప్ చెక్కలకూ (సగాలకూ) మధ్య సన్నటి దుమ్ము పేరుకుని ఉంది. బోల్టు మరలు పూర్తిగా ఎండిపోయాయి. బ్రష్‌తో శుభ్రం చేసి, మరలకు పల్చగా గ్రీజు రాసి, క్లాంప్ మీద ముద్రించిన టార్క్‌కు (బిగింపు కొలతకు) రెంచ్‌తో బిగించాను. చప్పుడు పోయింది. రెయిలు క్లాంప్‌లో అయినా ఇదే దుమ్ముకు ఇదే చప్పుడు వచ్చేది, కాబట్టి ఈ ఫిర్యాదును సిస్టమ్ ఖాతాలో రాయలేదు. ఎవరైనా చప్పుడు విని కొత్త సీటు కొనబోతుంటే ముందు క్లాంప్ విప్పి తుడవమని చెబుతాను.

ఆ మార్పులతో కొన్ని వారాలు తొక్కమన్నాను, ఇంకేమీ మార్చవద్దన్నాను. తిరిగి వచ్చినప్పుడు నడుము ఊగడం లేదు. తిమ్మిరి చాలా తగ్గింది, రెండు గంటలు దాటాకే వస్తోంది. అదీ ఎక్కువగా ఓఆర్‌ఆర్ ట్రాక్ మీద. దానికి కారణం ఉంది. ట్రాక్ మీద సిగ్నళ్లు లేవు, ట్రాఫిక్ లేదు, పెద్ద ఎత్తుపల్లాలు లేవు. సీటు మీద నుంచి లేవాల్సిన అవసరమే రాదు. వికారాబాద్ దారిలో ఎక్కుడు వచ్చినప్పుడల్లా లేచి తొక్కుతాం, రక్తం మళ్లీ ఆడుతుంది. చదునైన దారి సీటుకు కఠిన పరీక్ష. ట్రాక్ మీద పది నిమిషాలకోసారి పెడళ్ల మీద నిలబడమని చెప్పాను.

కూర్చునే ఎముకల నొప్పి మాత్రం తగ్గలేదు. ఎత్తు సరిచేసినా ఉందంటే ఇక సీటునే చూడాలి.

వెడల్పు, వెనక్కి జరపడం

అట్టపెట్టె ముక్క మీద కూర్చోబెట్టి, పడిన గుంటల మధ్య దూరం కొలిచాను. మధ్య నుంచి మధ్యకు 128 మి.మీ. సీటు మొత్తం వెడల్పు 132. అంటే రెండు ఎముకలూ సరిగ్గా సీటు వంపు తిరిగే అంచుల మీద పడుతున్నాయి. ఆమె కొద్దిగా వంగి, ఫ్లాట్ హ్యాండిల్ మీద తొక్కుతుంది. అలాంటి వారికి ఎముకల దూరానికి కనీసం రెండు సెంటీమీటర్లు కలుపుతాను. 150 నుంచి 155 మి.మీ. సీటు కావాలి. తమ్ముడికి నప్పిన సన్నటి సీటు అక్కకు నప్పకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఎముకల దూరానికి మనిషి బరువుతో, లావుతో సంబంధం లేదు. సన్నగా ఉన్నవారికి వెడల్పు సీటు అవసరం పడటం తరచూ చూస్తాను.

రెండో సమస్య వెనక్కి జరపడం. క్రాంక్ (పెడల్ చేయి) అడ్డంగా పెట్టి మోకాలి నుంచి గుండు కట్టిన దారం దించితే అది పెడల్ ఇరుసు కన్నా రెండు సెంటీమీటర్లకు పైగా ముందు పడింది. ఈ దారం పరీక్షను చివరి మాటగా తీసుకోను. కానీ ఆమె చేతుల మీద బరువు ఎక్కువగా పడుతోందని, అరచేతులు మొద్దుబారుతున్నాయని కూడా చెప్పింది. రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి. సీటు వెనక్కి వెళ్లాలి. పైగా ఫ్రేమ్ సీటు ట్యూబ్ 73 డిగ్రీల వాలులో ఉంది, అందువల్ల 15 మి.మీ. దించినప్పుడు సీటు 4 మి.మీ. పైచిలుకు ముందుకు కూడా వచ్చింది.

పట్టీ మీద జరిపి చూస్తే దాదాపు చివర గీతకు చేరింది. ఇంకో నాలుగైదు మిల్లీమీటర్లు మిగిలాయి. పోస్ట్ తల నిటారుగా ఉంది, వెనక్కి వంపు లేదు. మామూలు పోస్టుల్లో 20, 25 మి.మీ. వెనక్కి వంగిన తలలు ఎక్కడైనా దొరుకుతాయి. ఈ సిస్టమ్‌లో ఆమె ఫ్రేమ్‌కు సరిపోయే 27.2 మి.మీ. సైజులో అలాంటి పోస్ట్ మాకు దొరకలేదు.

ఇక్కడ కేసు అసలు మలుపు తిరిగింది. నొప్పికి పుట్టిల్లు ఈ సిస్టమ్ కాదు. సీటు ఎత్తు తప్పు, వెడల్పు తప్పు, స్థానం తప్పు. ఏ సిస్టమ్‌లోనైనా జరిగే తప్పులే. కానీ ఎత్తు ఒక్కటే దీనిలో సరిచేయగలిగాం. మిగతా రెండింటికీ ఈ సిస్టమ్ దారి మూసింది.

తమ్ముడి మాట

ఆమె వర్క్‌షాప్ నుంచే తమ్ముడికి వీడియో కాల్ చేసింది. అతను నాకు కనిపించగానే, "అన్నా, అది తీసేయకండి ప్లీజ్. చాలా మంచి సిస్టమ్. అక్కకి వెడల్పు సీటు అందులోనే ఇక్కడ వెతికి పంపిస్తాను" అన్నాడు. అతని మాటలో అక్క మీద ప్రేమ ఉంది, ఆ సైకిల్ మీద తను గడిపిన రోజుల మీద మమకారమూ ఉంది. అలాంటి మాటను పక్కకు నెట్టేయలేం. అందుకే అతను చెప్పిన దారిని కూడా కాగితం మీద పెట్టి ముగ్గురం కలిసి చూశాం.

అతనికి దొరికిన వాటిలో వెడల్పైనది 143 మి.మీ. సీటు ధర, కొరియర్, కస్టమ్స్ కలిపితే తొమ్మిది వేలకు అటూ ఇటూ అవుతుంది. వచ్చాక నప్పకపోతే వెనక్కి పంపడం కుదరదు. నప్పినా పోస్ట్ అదే కాబట్టి వెనక్కి జరపడం సమస్య అలాగే ఉంటుంది. ఇంకో పక్క, 20 మి.మీ. వెనక్కి వంపు ఉన్న 27.2 అల్యూమినియం పోస్ట్ 1,800 రూపాయలు. సీటు ముందుగా కొనక్కర్లేదు. వర్క్‌షాప్‌లో ట్రయల్‌కు ఇచ్చే సీట్లు ఉన్నాయి, ఒక్కొక్కటి తీసుకెళ్లి తొక్కి చూసి, నప్పినదే కొనుక్కోవచ్చు.

నా దృష్టిలో అన్నిటికన్నా బరువైన అంశం ఈ చివరిదే. సీటు ఫొటో చూసి ఎంచుకునే వస్తువు కాదు. ఎముకల దూరం కొలిచినా వెడల్పు ఒక్కటే తెలుస్తుంది. సీటు ముక్కు పొడవు, మధ్యలో గాడి, వెనక భాగం గుండ్రమా చదునా, మెత్తదనం ఇవన్నీ తొక్కితే తప్ప తెలియవు. వెడల్పు తెలిసిన తర్వాత కూడా రెండు మూడు సీట్లు మారుస్తామని అనుకునే మొదలుపెట్టాలి. ఒక్కో ప్రయత్నానికి నెల రోజులు, తొమ్మిది వేలు పట్టే దారిలో ఎవరూ మూడు సీట్లు ప్రయత్నించరు. మొదటిదానితోనే సర్దుకుపోతారు. నొప్పి ఓర్చుకోవడం అలవాటు చేసుకుంటారు, లేదా తొక్కడం మానేస్తారు. రెండోది నేను చూశాను, బాధేస్తుంది.

తమ్ముడు బరువు సంగతి ఎత్తాడు, అది న్యాయమైన ప్రశ్నే. పాత జత తూచాం: సీటు, పోస్ట్ కలిపి 445 గ్రాములు. కొత్త జత 600కు దగ్గరగా వస్తుందని ట్రయల్ సీట్ల బరువులు చూసి చెప్పాను. తేడా 155 గ్రాములు. రైడర్, సైకిల్, నీళ్లు, సంచి కలిపి 79 కిలోలు. అంటే తేడా బరువులో 0.2 శాతం. గంటసేపు ఏకబిగిన ఎక్కే ఘాట్ ఉంటే అక్కడ ఏడు సెకన్లు నష్టం. నొప్పికి ఒక్కసారి దిగి నిలబడితే రెండు నిమిషాలు పోతాయి. ఈ లెక్క విన్నాక అతను బరువు గురించి మళ్లీ మాట్లాడలేదు.

ఇంకో మాట దారిలో చెడిపోతే ఏమిటన్నది. బీఆర్‌ఎం దారులు ఎక్కువగా హైవేల మీద ఉంటాయి. విజయవాడ వైపు చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట. జహీరాబాద్ వైపు సంగారెడ్డి, సదాశివపేట. కర్నూలు వైపు షాద్‌నగర్, జడ్చర్ల. ఈ ఊళ్లన్నిటిలో సైకిల్ షాపులు ఉన్నాయి. కార్బన్ సీట్లు ఉండకపోవచ్చు గానీ రెయిళ్ల సీటు ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని బిగించుకుని మిగతా దూరం పూర్తి చేయవచ్చు. క్లాంప్ బోల్టు విరిగితే హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. ఒకే పట్టీ సిస్టమ్‌లో పట్టీ పగిలినా, పట్టుకునే చెక్క పోయినా ఆ రోజు రైడ్ అక్కడితో ఆఖరు. జరిగే అవకాశం తక్కువే. కానీ రాత్రి పూట, ఇంటికి వంద కిలోమీటర్ల దూరంలో, ఒంటరిగా ఉన్న రైడర్‌కు ఆ తక్కువ అవకాశం కూడా పెద్ద టెన్షన్.

పివోటల్ ఎందుకు నిలిచింది

ఇంత చెప్పాక సొంత సిస్టమ్‌లన్నీ దండగ అనుకుంటారేమో. కాదు. బీఎంఎక్స్‌లో పివోటల్ గట్టిగా నిలదొక్కుకుంది. కెనడాకు చెందిన మ్యాక్‌నీల్ నుంచి వచ్చిన ఈ పద్ధతికి ఇతర కంపెనీలకూ లైసెన్స్ దొరికింది. అందువల్ల ఎన్నో బ్రాండ్లు పివోటల్ సీట్లు, పోస్టులు చేశాయి. ఒకరి సీటు ఇంకొకరి పోస్ట్ మీద సరిపోతుంది. ఒక కంపెనీ సొంత కొలత నలుగురిదీ అయింది. రెండో కారణం వాడకం. బీఎంఎక్స్ రైడర్ దాదాపు నిలబడే ఉంటాడు. సీటు కిందికి దిగి, ముక్కు పైకి లేచి ఉంటుంది. ముందుకూ వెనక్కూ జరపలేకపోవడం అతనికి లోటే కాదు. తక్కువ భాగాలు, గట్టిదనం, దెబ్బ తట్టుకోవడం ఇవే కావాలి, అవే దొరుకుతాయి.

మౌంటెన్ బైకుల్లో ఒకే పట్టీకి అలాంటి అదృష్టం పట్టలేదు. 2010 నుంచి డ్రాపర్ పోస్టులు జోరుగా వచ్చాయి. రాక్‌షాక్స్ రివర్బ్ ఆ ఏడాదే వచ్చింది. బటన్ నొక్కి బరువు వేస్తే సీటు కిందికి దిగే ఈ పోస్టుల్లో ఎక్కువ భాగం రెండు రెయిళ్ల క్లాంప్‌తోనే వచ్చాయి. వంద గ్రాములు మిగిల్చే సీటు కన్నా దిగుడులో సీటు అడ్డు తప్పుకోవడం రైడర్లకు ఎంతో ఎక్కువ విలువైన పని. సొంత సిస్టమ్ కొన్నప్పుడు ఈరోజు దొరికే సీట్లను మాత్రమే వదులుకోవడం లేదు. రేపు ఇంకెవరో కనిపెట్టబోయే పోస్టులకు కూడా దూరం అవుతున్నాం.

ఏం చేశాం, ఏమైంది

మామూలు పోస్ట్ వేశాం. పాత సీటు స్థానాన్ని ముందే రాసిపెట్టుకున్నాను. సీటు వెడల్పు సరిగ్గా 80 మి.మీ. ఉన్న చోట గుర్తు పెట్టి, అక్కడి నుంచి బాటమ్ బ్రాకెట్‌కు ఎత్తు, వెనక దూరం రెండూ కొలుస్తాను. సీటు ముక్కు నుంచి కొలిస్తే, పొట్టి ముక్కు సీటు వేసినప్పుడు లెక్క మొత్తం తారుమారు అవుతుంది. రెయిలు నుంచి సీటు పైభాగం వరకు ఎత్తు కూడా సీటు సీటుకూ తేడా ఉంటుంది. కాబట్టి పోస్ట్ మీద గీత పెట్టుకుని అదే గీతకు దించితే సరిపోదు. సీటు మార్చి ఇంకా నొప్పి అనే చాలామందికి నిజంగా మారింది సీటు కాదు, ఎత్తు.

వెనక్కి జరిపినప్పుడు పెడల్ దూరం కొద్దిగా పెరుగుతుంది కాబట్టి ఎత్తు మరో 3 మి.మీ. తగ్గించాం. హ్యాండిల్ దూరం కాకుండా, దాన్ని పట్టుకునే స్టెమ్‌ను పాతదానికన్నా 20 మి.మీ. పొట్టిది వేశాం.

మొదటి ట్రయల్ సీటు ఆమె ఎంచుకున్నదే, 170 మి.మీ. వెడల్పు, మెత్తటి జెల్. అరగంట హాయిగా అనిపించింది, తర్వాత తొడల లోపలి వైపు ఒరుసుకుంది. మెత్తదనం ఎక్కువైతే ఎముకలు లోపలికి దిగి, మధ్య భాగం పైకి ఉబ్బి, తిమ్మిరి తిరిగి వస్తుంది. ఆమెకు అదే జరిగింది. రెండోది 143 మి.మీ., మధ్యలో గాడి ఉన్నది. తిమ్మిరి పోయింది, ఎముకల నొప్పి కొంత మిగిలింది. తమ్ముడు పంపుతానన్న సీటూ 143 మి.మీ.దే. ఆకారం వేరు కాబట్టి రెండూ ఒకటే అనలేను. కానీ ఆ వెడల్పు ఆమెకు అంచున ఉందని మాత్రం తెలిసింది. మూడోది 155 మి.మీ., పొట్టి ముక్కు, వెడల్పు గాడి. దాని మీద శంకర్‌పల్లి వెళ్లి వచ్చి, "సర్, సీటు ఉన్న సంగతే మర్చిపోయాను" అని మెసేజ్ పెట్టింది. అదే కొనుక్కుంది, 4,200 రూపాయలు. పోస్ట్‌తో కలిపి ఆరు వేలు. తూచితే 595 గ్రాములు.

తర్వాత ఆమె 200 బీఆర్‌ఎం సమయంలోపే పూర్తి చేసింది. అంతా సుఖంగా జరిగిందని రాయను. 150 కిలోమీటర్ల తర్వాత కూర్చునే చోట మంట మొదలైంది. చూస్తే అది ఎముకల నొప్పి కాదు, షార్ట్స్ కుట్టు దగ్గర చర్మం ఒరుసుకోవడం. ఎండలో చెమటతో ఇది మన దగ్గర మామూలే. షార్ట్స్ మార్చింది, క్రీమ్ వాడటం మొదలుపెట్టింది. ముక్కును ఒక డిగ్రీ కిందికి వంచాం. అంతకుమించి వంచితే ముందుకు జారి చేతుల మీద బరువు పడుతుంది.

ఒకే పట్టీ సిస్టమ్ తీసుకోమని నేను ఎవరికైనా చెబుతానా? ఆ ఆకారపు సీటు మీద ఇప్పటికే ఏళ్లుగా హాయిగా తొక్కుతూ, ఇంకో సీటు, క్లాంప్ చెక్కలు అలమరాలో పెట్టుకున్నవారికి మార్చాల్సిన అవసరం లేదు. పోస్ట్ సైజు, తల వంపు తమ ఫ్రేమ్‌కు సరిగ్గా కుదిరినవారికీ అంతే. సైకిల్‌తో పాటు వచ్చి, నొప్పి లేకుండా ఉంటే తీసేయమని చెప్పను. కొత్తగా సీటు వెతుక్కుంటున్నవారికి, దూరాలు పెంచుకుంటున్నవారికి, శరీరం ఇంకా సైకిల్‌కు అలవాటు పడుతున్నవారికి మాత్రం వద్దనే చెబుతాను. ఆ దశలో 150 గ్రాముల కన్నా మూడు సీట్లు మార్చి చూడగలగడం ఎక్కువ పనికొస్తుంది.

పాత జతను శుభ్రం చేసి, బోల్టులకు గ్రీజు పెట్టి, గుడ్డలో చుట్టి ఆమెకు ఇచ్చాను. తమ్ముడు దాన్ని తన ఇంకో సైకిల్‌కు వేసుకుంటానన్నాడు, అక్కడ అది అతనికి బాగానే పనిచేస్తుంది. ఆమె ఇప్పుడు 300కు సిద్ధమవుతోంది, 20 గంటల సమయం. ఈ మధ్య బ్రూక్స్ బీ17 తోలు సీటు వేసి చూద్దామా అని అడిగింది. అర కిలో దాటే బరువు, వానలో కప్పుకోవాలి, శరీరానికి అలవాటు పడటానికి సమయం తీసుకుంటుంది. దాని రెయిళ్లలో క్లాంప్ పట్టే తిన్నటి భాగం పొట్టిది, నిటారు పోస్ట్ మీద అయితే వెనక్కి చాలినంత జరగదు. ఆమె కొత్త పోస్ట్‌కు 20 మి.మీ. వంపు ఉంది కాబట్టి స్థానం కుదురుతుందని లెక్క వేశాను. తెలిసినవారి దగ్గర బాగా వాడి మెత్తబడిన ఒక బీ17 ఉంది. వానలు తగ్గాక అది అడిగి తెచ్చి, ఇదే పోస్ట్ మీద బిగించి, ఒక ఆదివారం వికారాబాద్ దాకా తొక్కి రమ్మంటాను.